మేత సంచి నుంచి తోటకూర మడి దాకా

చేపల తొట్టి నీళ్ళతో మడుల్లో కూరలు పెంచి, ఆ నీళ్ళనే తిరిగి చేపలకి పంపే సాగు ఆక్వాపోనిక్స్. అది పెట్టాలనుకునే రైతు మొదట అడిగేది "ఎన్ని చేపలు వెయ్యాలి?" అని. ఆ తర్వాత "ఏ చేప?" అని. రెండూ అడగాల్సినవే. కాకపోతే వాటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: రోజుకి ఎంత మేత? ఈ సాగులో మొక్కకి బలం యూరియా బస్తాలోంచి రాదు, చేపల మేత సంచిలోంచి వస్తుంది. చేప కడుపు మధ్యలో ఒక మజిలీ. తొట్టి ఎంతుండాలి, మడులు ఎన్ని సెంట్లుండాలి, గాలి పంపు ఎంతది పెట్టాలి, అన్నీ ఆ మేత తూకం నుంచే లెక్క కట్టుకుంటూ రావాలి.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. సంచి మీద ప్రొటీన్ 32 శాతం అని ఉందనుకుందాం. కిలో మేతలో 320 గ్రాముల ప్రొటీన్. ప్రొటీన్ బరువులో 16 శాతం నత్రజని, అంటే 51 గ్రాములు. అందులో పావు వంతో, మూడో వంతో చేప ఒంటికి కండగా పడుతుంది. కొంత పెంటలోనూ, తినకుండా అడుక్కి చేరిన గుళికల్లోనూ పోతుంది. మిగిలిన 29, 30 గ్రాములు అమోనియాగా నీళ్ళలోకి వస్తాయి. పశువుల్లాగా మూత్రంలో కాదు. చేప దాన్ని చాలావరకు మొప్పల గుండానే వదిలేస్తుంది, పగలూ రాత్రీ.

పదివేల లీటర్ల తొట్టిలో రోజుకి కిలో మేత వేస్తే లీటరుకి సుమారు 3 మిల్లీగ్రాముల అమోనియా నత్రజని చేరుతుంది. రేపు ఇంకో మూడు, ఎల్లుండి ఇంకో మూడు. ఇది చేపకి ఎంత ప్రమాదమన్నది పీహెచ్ మీద ఆధారపడుతుంది. నీళ్ళలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది: పెద్దగా హాని చెయ్యని అమోనియం, మొప్పల్లోంచి నేరుగా రక్తంలోకి దూరే అమోనియా. నీటి వేడి 30 డిగ్రీలున్నప్పుడు పీహెచ్ 7 దగ్గర విషరూపం మొత్తంలో ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి వస్తే ఏడు శాతం దాటుతుంది. 9 దగ్గర దాదాపు సగం అదే. కాబట్టి పరీక్ష కిట్టులో అమోనియా రంగొక్కటే చూసి గుండెలు బాదుకోవడం గానీ, నిశ్చింతగా కూర్చోవడం గానీ తగదు. రెండు అంకెలూ కలిపి చదవాలి. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువుల రైతులకి ఇది కొత్త సంగతి కాదు. డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్), ఆల్కలినిటీ అన్న మాటలు అక్కడ టీ కొట్టు దగ్గర కూడా వినిపిస్తాయి. అయితే ఎకరాల చెరువులో అడుగు బురదా, నీళ్ళలోని నాచూ సగం పని చేసిపెడతాయి. సిమెంటు తొట్టిలోనో టార్పాలిన్ ట్యాంకులోనో ఆ సాయం ఉండదు.

తొట్టిలో అమోనియాని మార్చే పని బాక్టీరియాదే. ఆ బాక్టీరియాని రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890లో జ్యూరిక్‌లో వేరుచేసి చూపించాడు. ఒక రకం అమోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొక్క హాయిగా తాగేది ఈ చివరిదాన్ని. వందేళ్ళకి పైగా పాఠ్యపుస్తకాలన్నీ ఇద్దరు పనివాళ్ళు కావాలనే చెబుతూ వచ్చాయి. 2015లో ఆ పాఠం మారింది. రెండు పనుల్నీ ఒంటిచేత్తో చేసే నైట్రోస్పైరా రకాలు ఉన్నాయని రెండు బృందాలు ఒకేసారి ప్రకటించాయి. నెదర్లాండ్స్ బృందానికి అవి దొరికింది చేపల పెంపకం నీళ్ళని శుద్ధిచేసే ఫిల్టర్‌లోనే. మన తొట్టి పక్కన ఉండే కంకర మడిలో జరిగే పని గురించి ఇప్పటికీ కొత్త సంగతులు తెలుస్తున్నాయన్నమాట.

ఈ జీవులకి రెండు పట్టింపులున్నాయి. ఒకటి గాలి. గ్రాము అమోనియా నత్రజనిని నైట్రేట్ చెయ్యడానికి నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే కిలో మేతకి 130 గ్రాములు. చేప పీల్చుకునేది దీనికి అదనం. రెండోది క్షారత. అదే గ్రాముకి 7 గ్రాముల పైగా ఆల్కలినిటీ ఖర్చవుతుంది. అందుకే బాగా నడుస్తున్న తొట్టిలో పీహెచ్ తనంతట తానే రోజురోజుకీ జారుతుంది. జారుతోందంటే బాక్టీరియా పనిలో ఉందని గుర్తు. జారకుండా 8 దగ్గరే బిగుసుకుని కూర్చుందంటే అనుమానించాల్సింది కంకరనే.

ఆ అనుమానం తీర్చుకోవడం సులభం. మడిలో పొయ్యబోయే కంకర గుప్పెడు తీసి, కడిగి, గాజుగ్లాసులో వేసి, మునిగేలా వెనిగర్ పొయ్యాలి. రాయి అంచుల్లోంచి సన్నటి బుడగలు వరసగా లేచాయా, అది సున్నపురాయి. పల్నాడు, తాండూరు, కడప వైపు రాళ్ళకి ఈ గుణం ఎక్కువ. ఇంటికి బండలుగా పరుచుకోవడానికి అవి భేషైనవి. ఇక్కడ మాత్రం కరుగుతూ పీహెచ్‌ని పైకి ఎత్తి పట్టుకుంటాయి, మొక్కలకి ఇనుము అందదు. నల్ల కంకర, గ్రానైటు ముక్కలు అయితే గ్లాసులో ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటాయి. అవే కావాలి.

బోరు నీళ్ళకీ ఇలాంటి పరీక్షే ఒకటుంది. బోరులోంచి అప్పుడే తోడిన నీళ్ళలో బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది. అది ఉన్నంతసేపు పీహెచ్ తక్కువగా కనిపించి మోసం చేస్తుంది. బకెట్టు నీళ్ళలో చిన్న గాలిరాయి పెట్టి ఒక రోజంతా వదిలేసి అప్పుడు చూస్తే అసలు అంకె తేలుతుంది. సోడియం ఎంతుందో కూడా ల్యాబులో చూపించుకోవాలి. చెరువులో అయితే ఉప్పదనం వానకి పలచబడుతుంది. తిరిగి తిరిగి అదే నీళ్ళు వాడే తొట్టిలో నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు మిగిలిపోతుంది. లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటిన సోడియం మొక్క వేళ్ళ దగ్గర పొటాషియానికీ కాల్షియానికీ అడ్డుపడటం మొదలుపెడుతుంది.

ఇప్పుడు మళ్ళీ మేత లెక్కకి వద్దాం. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో చిన్న కమతాల కోసం వేసిన ఆక్వాపోనిక్స్ గ్రంథంలో ఆకుకూరల మడికి చదరపు మీటరుకి రోజుకి 40 నుంచి 50 గ్రాముల మేత చాలంటారు. కాయకూరలకైతే 50 నుంచి 80. మన కొలతలో చెప్పాలంటే రోజుకి కిలో మేత వేస్తే అర సెంటు ఆకుకూర పండుతుంది. అయిదు కిలోలు వేస్తే రెండున్నర సెంట్లు. పెరిగే చేప తన బరువులో ఒకటి, రెండు శాతం తింటుంది కాబట్టి అయిదు కిలోల మేత తినడానికి మూడువందల కిలోలకి పైన చేప కావాలి. వెయ్యి లీటర్లకి 20 కిలోలు మించనివ్వకపోతే అది పదహారు, పదిహేడు వేల లీటర్ల నీళ్ళు.

ఇదే లెక్కని ఎకరానికి సాగదీసి చూడండి. రోజుకి రెండువందల కిలోల మేత. తినడానికి పదమూడు టన్నుల చేప. ఆరున్నర లక్షల లీటర్ల తొట్లు. అది కూరగాయల పొలం కాదు, చేపల కంపెనీ. పక్కన కొన్ని మడులున్న చేపల కంపెనీ. "నా మూడెకరాలూ ఆక్వాపోనిక్స్‌కి మారుస్తా" అనే ఉత్సాహం ఈ లెక్క ముందు చల్లారుతుంది, చల్లారడమే మంచిది. నడుస్తున్న పొలంలో దీని చోటు ఒక మూల, బోరు పక్కన, నాలుగైదు సెంట్లు.

నాలుగైదు సెంట్లతో ఎంత పని చెయ్యొచ్చో చూడాలంటే కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయ్ దీవికి వెళ్ళాలి. అక్కడి యూనివర్సిటీ ఆఫ్ ది వర్జిన్ ఐలాండ్స్‌లో జేమ్స్ రకోసీ అనే శాస్త్రవేత్త 1980ల నుంచి మూడు దశాబ్దాల పాటు ఇదే పని మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు కరువైన దీవి. పడ్డ వానని పట్టి దాచుకోవాలి. ఆయన బృందం కట్టిన వ్యాపారస్థాయి వ్యవస్థలో ఒక్కొక్కటి 7,800 లీటర్లు పట్టే చేపల ట్యాంకులు నాలుగు, 214 చదరపు మీటర్ల నీటి మడులు, అంటే మన అయిదు సెంట్ల పైచిలుకు. మడుల్లో నీళ్ళ మీద తేలే థర్మోకోల్ పలకలు, పలకల కన్నాల్లో మొక్కలు. మొత్తం నీళ్ళు లక్షా పదివేల లీటర్లు. రోజుకి కొత్తగా పొయ్యాల్సింది అందులో ఒకటిన్నర శాతం. లెట్యూస్, బేసిల్ తులసి మాత్రమే కాదు, బెండ కూడా పండించి చూశారు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఆ నాలుగు ట్యాంకుల సంగతి. అదే నీళ్ళు పట్టే పెద్ద ట్యాంకు ఒక్కటి కడితే ఖర్చు కలిసొస్తుంది కదా? ఒకే ట్యాంకులో ఒకే ఈడు పిల్లల్ని వదిలితే ఏమవుతుందో చూడండి. తొలి నెలలో అవి తినేది కొంచెం. మడుల్లో మొక్కలు ఆకలితో పసుపు తిరుగుతాయి. ఆరో నెలకి మేత అంతకు అనేక రెట్లవుతుంది, మొక్కలు తాగలేనంత నైట్రేట్ పేరుకుంటుంది. ఒకరోజు పట్టుబడి చేసి చేపలన్నీ అమ్మేస్తారు. మర్నాటి నుంచి మేత సున్నా. కంకరలో కాపురమున్న బాక్టీరియాకీ, మడిలో సగం ఎదిగిన కూరకీ కూడా పస్తే. రకోసీ నాలుగు ట్యాంకుల్లో నాలుగు ఈడుల చేపల్ని పెట్టాడు. ఒక్కో జట్టు 24 వారాలు పెరుగుతుంది. ఆరు వారాలకొకసారి ఒక ట్యాంకు పట్టుబడికి వస్తుంది, దాంట్లోకి కొత్త పిల్లలొస్తాయి. ఒక ట్యాంకులో మేత తగ్గితే ఇంకోదాంట్లో పెరుగుతుంది. మొత్తం మీద రోజువారీ మేత పెద్దగా ఊగదు. చదరపు మీటరుకి 60 నుంచి 100 గ్రాములన్న ఆయన సూత్రం ప్రపంచమంతా తిరిగింది గానీ, ఆ సూత్రం నిలబడేది ఈ ఏర్పాటు మీదేనన్నది చాలామంది వదిలేశారు. ఒక పెద్ద ట్యాంకు కట్టేందుకు డబ్బు సిద్ధం చేసుకున్న రైతుకి నేను చెప్పేది ఒకటే: ఆ డబ్బుతో నాలుగు చిన్నవి కట్టుకో.

ఆయన వాడిన ఇంకో చిట్కా పొలంవాళ్ళకి నచ్చుతుంది. పళ్ళతోటల మీద పిట్టలు వాలకుండా కప్పే వలని చిన్న ట్యాంకుల్లో మడతలుగా వేలాడదీశాడు. నీళ్ళలో తేలే సన్నటి మడ్డి ఆ వలకి పట్టేస్తుంది. వారానికి రెండుసార్లు వల కడిగితే నైట్రేట్ ఎక్కువుంటుంది, ఆకుకూరలు బాగా వస్తాయి. ఒక్కసారే కడిగితే మడ్డిలో గాలి ఆడని చోట ఉండే వేరే బాక్టీరియా కొంత నైట్రేట్‌ని నత్రజని వాయువుగా మార్చి పైకి వదిలేస్తుంది. నత్రజని ఎక్కువై ఆకే పెరిగి కాపు తగ్గే కాయ పంటలకి అది మేలు. వారానికి వల ఎన్నిసార్లు కడగాలో మార్చి ఎరువు మోతాదు మార్చడమన్నమాట. కడిగిన మడ్డి ఇక్కడైతే కొబ్బరి పాదుల్లోకో అరటి మొదళ్ళకో పోతుంది. ఇంటి మిద్దె మీద ఆక్వాపోనిక్స్ పెట్టినవాళ్ళకి ఈ మడ్డి తలనొప్పి. పొలంలో అది లాభం.

పొలంలో ఉన్న నష్టం వేరు. మందులు. మిరపకో పత్తికో కొట్టే పైరిత్రాయిడ్ మందులు లీటరు నీళ్ళకి కొన్ని మైక్రోగ్రాములున్నా చేపల్ని చంపుతాయి. లామ్డా సైహలోత్రిన్ 5 శాతం ఈసీ మందులో మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాముల అసలు విషం ఉంటుంది. ఆ ఒక్క మిల్లీలీటరు పదివేల లీటర్ల తొట్టిలో పడితే లీటరుకి 5 మైక్రోగ్రాములు. చాలా జాతుల చేపలకి అది చాలు. మిల్లీలీటరంటే సీసా మూతలో అడుగున మిగిలే తడి. అందుకే మందు కలిపే డ్రమ్ము, తైవాన్ స్ప్రేయరు కడిగే చోటు, అదే చేత్తో ముట్టుకునే బకెట్టు, వీటిలో ఏదీ తొట్టి దరిదాపుల్లో ఉండకూడదు. చౌకగా దొరికిందని మందుల కంపెనీ పాత డ్రమ్ములు కొని సంపుగా వాడటం అంతకన్నా చేటు. బోర్డో మిశ్రమంలోని రాగి చేపకీ పడదు, బాక్టీరియాకీ పడదు. సహజమైనదే కదా అని వేపనూనె కొట్టి నీళ్ళలోకి కారనిచ్చినా చేపకి మంచిది కాదు. పురుగుకి బీటీ మందు, కింద పళ్ళెం పెట్టి చేత్తో ఏరడం, సన్నటి వల కప్పడం, అంతే మార్గం. పక్క పొలం గాలి సంగతి కూడా చూసుకోవాలి. ఖరీఫ్‌లో నైరుతి, పడమటి గాలులు. అక్టోబరు తర్వాత ఈశాన్యం నుంచి. పక్కవాళ్ళు మందు ఎక్కువగా కొట్టేది ఏ నెలల్లోనో కనుక్కుని, ఆ నెలల గాలికి ఎదురు దిక్కున తొట్లు కట్టుకోవాలి.

రెండో నష్టం కరెంటు. వెయ్యి లీటర్లకి 20 కిలోల చేప ఉంటే అవి గంటకి లీటరులోంచి 4 నుంచి 6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ లాగేస్తాయి. 30 డిగ్రీల నీళ్ళు నిండా పట్టుకోగలిగేదే ఏడున్నర. గాలి ఆగిన గంటలోపే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. వరికి నీళ్ళు ఒకరోజు ఆలస్యమైతే వరి ఓర్చుకుంటుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ సర్వీసుకి ఇచ్చేది పగటిపూట 9 గంటల కరెంటు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇస్తున్నా, గాలివానకి తీగ తెగితే తెగినట్టే. బోరు మోటారు లైను మీద గాలి పంపుని ఆధారపడనివ్వకుండా వేరే సర్వీసు తీసుకోవాలి, బ్యాటరీతో నడిచే గాలి పంపు పక్కన సిద్ధంగా ఉండాలి. కొర్రమీను, మార్కెట్లో ఫంగస్ అని పిలిచే పంగాసియస్, ఇవి పైకొచ్చి గాలి పీల్చుకోగలవు కాబట్టి కొత్తవాళ్ళకి మంచివంటారు. నిజమే, చేప బతుకుతుంది. కంకరలోని బాక్టీరియా మాత్రం పైకొచ్చి గాలి పీల్చుకోలేదు. రాత్రంతా గాలి ఆగితే చేపలు బాగానే ఉన్నాయని పొద్దున్నే మామూలుగా మేత వేస్తారు, మధ్యాహ్నానికి అమోనియా లేస్తుంది. కరెంటు పోయిన మర్నాడు మేత ఆపెయ్యడమే తెలివి.

తిలాపియా వెయ్యాలనుకుంటే మత్స్యశాఖ అనుమతి తీసుకోవాలి. 1952లో మన దేశానికొచ్చిన పాత రకం చెరువుల్లో పడి విపరీతంగా పిల్లలు పెట్టడంతో 1959లోనే దాని మీద నిషేధం పెట్టారు. ఇప్పుడు మేలురకాలకి షరతులతో అనుమతిస్తున్నారు. తొట్టి నీళ్ళు కాలవలోకి పోయే దారి లేకుండా చూపించాలి. బొచ్చె, శీలావతి చెరువుకి దొరలే గానీ ఇరుకు తొట్టికి తగినవి కావు.

మేత సంచిలో మొక్కకి కావలసినవన్నీ ఉండవు. ముఖ్యంగా మూడు తక్కువ: పొటాషియం, కాల్షియం, ఇనుము. మొదటి రెండిటికీ దారి ముందే కనిపించింది: జారే పీహెచ్. దాన్ని 7 దగ్గర నిలపడానికి రకోసీ ఒకసారి తడిసున్నం, ఇంకోసారి పొటాషియం హైడ్రాక్సైడ్ మార్చి మార్చి వేసేవాడు. పీహెచ్ లేస్తుంది, మొక్కకి తిండీ దొరుకుతుంది. ఇనుముకి మన రైతుకి వెంటనే తోచేది అన్నభేది. పొలంలో ఆకుల మీద పిచికారీకి అది పనికొస్తుంది గానీ, గాలి ఆడే పీహెచ్ 7 నీళ్ళలో వెయ్యగానే తుప్పుగా మారి అడుక్కి చేరుతుంది. కీలేట్ చేసిన ఇనుము కొనాలి, డీటీపీఏ రకం. లీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలకొకసారి. లేత ఆకు పచ్చటి ఈనెలతో మిగతాదంతా పసుపుగా కనిపించిందంటే ఆలస్యమైందని అర్థం.

మొదలుపెట్టే వరస ఇది. తొట్లు, మడులు నింపి నీళ్ళు తిప్పాలి. చేపలు అప్పుడే వద్దు. అమోనియం క్లోరైడ్, అంటే మన కొట్లలో దొరికే నవాసారం, శుద్ధమైనది తెచ్చి లీటరుకి 2, 3 మిల్లీగ్రాముల అమోనియా వచ్చేలా కలపాలి. ఈ బాక్టీరియా రెట్టింపవడానికి గంటల తరబడి, ఒక్కోసారి రోజు పైన తీసుకుంటుంది. పాలని పెరుగు చేసేవాటి జోరు వీటికి లేదు. అయినా తోడు వేసుకోవచ్చు: జబ్బులేవీ లేని, నడుస్తున్న తొట్టిలోంచి గంపెడు తడి కంకర తెచ్చి మడిలో కలిపితే పని త్వరగా అందుకుంటుంది. మొదట అమోనియా తగ్గుతూ నైట్రైట్ లేస్తుంది. అప్పుడే తొందరపడి చేపల్ని వదిలితే నైట్రైట్ వాటి రక్తాన్ని చాక్లెట్ రంగుకి తిప్పి, ఆక్సిజన్ మొయ్యనివ్వకుండా చేస్తుంది. చెరువులో అయితే ఉప్పు వేసి గట్టెక్కుతారు, ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల దగ్గరే ఆపుతుంది. ఇక్కడ ఉప్పుకి బదులు కాల్షియం క్లోరైడ్, సోడియం గొడవ లేకుండా. మన వేడికి మూడు నుంచి ఆరు వారాల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా దగ్గరికొచ్చి నైట్రేట్ కనిపిస్తుంది. అప్పుడు మొదటి ట్యాంకులోకే పిల్లల్ని వదలాలి, మడుల్లో పావు వంతుకే నారు పెట్టాలి. రెండో ట్యాంకులో పిల్లలు ఆరు వారాల తర్వాత. ఆకుకూరల్లో తోటకూర, బచ్చలి వేసవి వేడిని తట్టుకుంటాయి. లెట్యూస్ ఏప్రిల్‌లో పూతకొచ్చి చేదెక్కుతుంది, వేళ్ళు కుళ్ళుతాయి, దాన్ని చలికాలానికి ఉంచుకోవాలి.

ఇంత తిప్పుడూ తిరుగుడూ వద్దనుకునే రైతుకి ఇంకో దారి ఉంది, నా మటుకు నేను ఎక్కువ పొలాలకి దాన్నే చెబుతాను. నీళ్ళని చేపల దగ్గరికి తిరిగి పంపకుండా తొట్టిలోంచి వడకట్టి నేరుగా పైరుకి ఇచ్చెయ్యడం. ఇజ్రాయెల్‌లో నెగెవ్ ఎడారి రైతులు భూగర్భంలోంచి తోడిన వెచ్చటి ఉప్పునీళ్ళలో ముందు చేపలు పెంచి, ఆ నీళ్ళనే తర్వాత ఆలివ్ తోటలకి పారిస్తారు. మనకి బోరు నుంచి డ్రిప్పుకి వెళ్ళే నీళ్ళు ఎటూ ఉన్నాయి. దారిలో చేపల తొట్టి ఒక మజిలీ అవుతుంది. పీహెచ్ కోసం చేపకీ మొక్కకీ రాజీ కుదర్చాల్సిన పని ఉండదు, తోటకి మందు కొట్టినా ఆ నీళ్ళు వెనక్కి రావు. ఇసుక ఫిల్టరూ స్క్రీన్ ఫిల్టరూ రెండూ పెట్టుకోవాలి, లేకపోతే చేపల మడ్డికి డ్రిప్పర్లు వారం తిరక్కుండా మూసుకుపోతాయి. తోటకి ఇచ్చే యూరియాలో కిలో మేతకి ఎంత తగ్గించుకోవచ్చో కూడా ముందు వేసిన లెక్కే చెబుతుంది: 30 గ్రాముల నత్రజని, అంటే 65 గ్రాముల యూరియా.